గంట జరిగేది డల్లాస్‌లో.. ఎదురుచూపు హన్మకొండలో

నవంబర్ మొదటి ఆదివారం దాటిందంటే హన్మకొండలో మా కాలనీ టైంటేబుల్ మారిపోతుంది. సాయంత్రం ఆరున్నరకల్లా ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునే పోరగాళ్ళు ఇంకో గంటసేపు చాయ్ బండి దగ్గరే కనిపిస్తారు. రాత్రి ఎనిమిదింటికి వచ్చే అమెరికా వీడియో కాల్ తొమ్మిదికి జరుగుతుంది. అక్కడి షేర్లు కొనే మిత్రులు ఏడింటికి బదులు ఎనిమిదింటికి యాప్ తెరుస్తారు. ఇక్కడ మాత్రం ఏ గోడ గడియారాన్నీ ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం తెల్లవారుజామున రెండింటికి అమెరికా తన గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంది, అంతే.

దీని పేరు డేలైట్ సేవింగ్ టైం. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. అమెరికాలో 2007 నుంచీ ఇదే లెక్క. 2025లో మార్చి 9న ముందుకు జరిగి, నవంబర్ 2న వెనక్కి వచ్చింది. హవాయిలో ఈ పద్ధతి లేదు. అరిజోనాలో కూడా నవాహో ప్రాంతంలో తప్ప లేదు. యూరప్ వాళ్ళకు మార్చి, అక్టోబర్ నెలల్లో చివరి ఆదివారాలు. అందుకే మార్చిలో రెండు మూడు వారాలపాటు అమెరికా మారి, లండన్ మారక, మధ్యలో మనం ఉండి, మూడు దేశాల మీటింగులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఐటీలో ఉన్నవాళ్ళకు ఆ వారాల సంగతి చెప్పక్కర్లేదు.

నేను మడికొండ వైపు ఐటీ ఉద్యోగం చేస్తాను. మా టీమ్‌లో సగం డల్లాస్‌లో ఉంటుంది. ఆ ఊళ్ళోనే మా పెద్దమ్మ కొడుకూ ఉన్నాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నేను అన్న అంటాను. పగలు సాఫ్ట్‌వేర్, సాయంత్రాలు విమానం. అవును, నిజం విమానమే. నాలుగు సీట్ల సెస్నా 172 గంటల లెక్కన అద్దెకు తీసుకుని నడుపుతాడు. 1956 నుంచి తయారవుతూ ఇప్పటికి 44 వేలకు పైగా అమ్ముడైన మోడల్ అది. మనకు స్ప్లెండర్ బండి ఎట్లనో, అక్కడ సరదాకు విమానం నేర్చుకునేవాళ్ళకు అది అట్ల.

ఈ గంట మార్పు గురించి నేను సీరియస్‌గా ఆలోచించడం మొదలుపెట్టింది ఆఫీసు వల్ల కాదు, అన్న వల్ల. ఇంకా చెప్పాలంటే పెద్దమ్మ వల్ల.

సాయంత్రం మీద మనసు పడ్డవాళ్ళ పని ఇది

గడియారం జరపాలనే ఐడియా ఎక్కడ పుట్టిందో తెలిస్తే నవ్వొస్తుంది. కరెంటు ఆదా, యుద్ధం అంటారు గానీ అవి తర్వాతి మాటలు. న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అని ఒక పోస్టాఫీసు ఉద్యోగి ఉండేవాడు. పురుగులు, సీతాకోకచిలుకలు సేకరించడం ఆయన హాబీ. డ్యూటీ అయ్యాక వెలుతురు ఇంకాస్త ఉంటే బాగుండునని, 1895లో వెల్లింగ్టన్ ఫిలసాఫికల్ సొసైటీ ముందు రెండు గంటలు గడియారం జరపమని ఒక పత్రం చదివాడు. ఆ తర్వాత 1907లో ఇంగ్లండ్‌లో ఇళ్ళు కట్టే కాంట్రాక్టర్ విలియం విల్లెట్ ఇదే మాట పుస్తకంగా అచ్చేసి పంచాడు. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. చీకటి పడుతుంటే ఆట మధ్యలో ఆపడం నచ్చలేదు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, వారానికి 20 నిమిషాల చొప్పున మొత్తం 80 నిమిషాలు జరుపుదామన్నాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆయన 1915లో పోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, జర్మనీ ముందుగా అమలు చేసింది. మూడు వారాలకు బ్రిటన్ కూడా.

అంటే ఆఫీసు అయ్యాక కాస్త ఎండ కావాలనుకున్న ఇద్దరు హాబీ మనుషుల కోరిక ఇది. మా అన్న వాళ్ళ వంశమే అనుకోవచ్చు. జూన్ చివర్లో డల్లాస్‌లో సూర్యుడు రాత్రి ఎనిమిదీ నలభై దాకా ఉంటాడు. అయిదింటికి లాగాఫ్ అయి, అయిదు ముప్పావుకు ఎయిర్‌పోర్ట్ చేరి, విమానం చుట్టూ తిరిగి ఇంధనం, ఆయిల్, టైర్లు చూసుకుని ఆరింటికి లేస్తే, ఏడుంబావుకు దిగినా ఇంకా గంటన్నర వెలుతురు మిగులుతుంది.

నవంబర్‌లో ఇదంతా ఒక్క రోజులో పోతుంది. 2025 అక్టోబర్ 31 శుక్రవారం అక్కడ సూర్యాస్తమయం దాదాపు 6 గంటల 38 నిమిషాలకు. నవంబర్ 3 సోమవారం 5 గంటల 35కే. అయిదింటికి ఆఫీసు నుంచి బయటపడితే, ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గరికి వచ్చేసరికి చీకటి. మనకైతే చీకటి రోజుకు నిమిషం చొప్పున మెల్లమెల్లగా దగ్గరికి వస్తుంది. అక్కడ శనివారం దాకా ఉన్న సాయంత్రాన్ని ఆదివారం పొద్దున ఎవరో ఎత్తుకుపోయినట్టు ఉంటుంది.

మన సంగతి తలకిందులు

మీరు అనుకోవచ్చు, వాళ్ళకు పోయిన గంట మనకు వస్తుందిగా అని. మా డల్లాస్ టీమ్ మీటింగ్ వాళ్ళ టైం ప్రకారం పొద్దున ఎనిమిదింటికి. వాళ్ళ ఎండాకాలంలో అది మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. నవంబర్‌లో నాకు ఒక గంట కలిసొస్తుందన్నమాట. కానీ ఏ గంట? వరంగల్‌లో నవంబర్ సూర్యాస్తమయం అయిదూ నలభై లోపే. ఆరున్నర నుంచి ఏడున్నర వరకు వచ్చిన ఆ గంట కటిక చీకటి. జూన్‌లో మాత్రం ఏడుకు పది నిమిషాల తక్కువ దాకా వెలుతురు ఉంటుంది. ఆ చివరి ఇరవై నిమిషాల బంగారం లాంటి ఎండ మీటింగ్ ఖాతాలో పోతుంది.

నాకు ఈ లెక్క ఎందుకంటే, నాకూ ఒక చిన్న గాలి పిచ్చి ఉంది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్ ఒకటి ఎగరేస్తాను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం వ్యాపారం కోసం కాకుండా నడిపే నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు అనుమతి ఉన్న జోనేనా అని చూసుకుని, మడికొండ అవతల పత్తి చేల గట్ల దగ్గర లేపుతాను. సూర్యుడు వాలినప్పుడు చెరువు కట్ట పొడవాటి నీడ, పత్తి సాళ్ళ గీతలు కనిపిస్తాయే, ఆ పది నిమిషాల కోసమే అంత దూరం పోవడం. అన్నకు ఈ ముచ్చట చెబితే, “నాది నలుగురు కూసునే డ్రోన్ తమ్మీ, గంతే తేడా” అన్నాడు.

మరి మనమూ గడియారం జరుపుకుంటే? జరిపాం కూడా ఒకప్పుడు. రెండో ప్రపంచయుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా భారత కాలమానాన్ని గంట ముందుకు జరిపారు. గ్రీనిచ్‌కు ఆరున్నర గంటల ముందు అన్నమాట. యుద్ధం అయిపోయింది, గంట వెనక్కి వచ్చింది. అసోంలో తేయాకు తోటల వాళ్ళు మాత్రం బాగాన్ టైం అని సొంత గడియారం పెట్టుకుని, గంట ముందుగా పని మొదలుపెట్టే అలవాటు ఉంది.

కానీ వరంగల్‌కు దీంతో పెద్ద పని లేదు. మన ఊరు భూమధ్యరేఖకు 18 డిగ్రీల ఉత్తరాన ఉంది. మన అతి పొడవైన పగలు 13 గంటల పైచిలుకు, అతి చిన్న పగలు 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలు. డల్లాస్‌కు ఆ తేడా నాలుగు గంటలు దాటుతుంది, లండన్‌కు ఎనిమిదిన్నర గంటల పైనే. ఎండాకాలంలో పొద్దున నాలుగు కాకముందే పొడిచే ఎండ ఎవరికీ పనికిరావడం లేదని లండన్‌వాడు దాన్ని సాయంత్రానికి మార్చుకున్నాడు. మనకు మార్చుకోవడానికి అంత ఎండ మిగలదు. పైగా మే నెల సాయంత్రం ఇంకో గంట ఎండ కావాలని వరంగల్‌లో ఎవరైనా అడిగితే ఇంట్లోవాళ్ళు జ్వరం చూస్తారు.

ఇంకో సంగతి. మన ఐఎస్‌టీ గీత 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. యూపీలో మీర్జాపూర్ దగ్గర నుంచి, మన వైపు కాకినాడకు దగ్గరగా పోతుంది. వరంగల్ దానికి పడమరన దాదాపు మూడు డిగ్రీల దూరంలో ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన మన సూర్యుడు గడియారం కంటే దాదాపు పన్నెండు నిమిషాలు లేటు. 1906కు ముందు రైల్వేలు మద్రాసు టైం వాడేవి. బొంబాయి, కలకత్తాలకు సొంత టైములు. 1906 జనవరి 1 నుంచి దేశానికి ఒకటే కాలమానం వచ్చింది, అప్పటికప్పుడు అందరూ ఒప్పుకోకపోయినా.

పైలట్‌కు మూడు రకాల రాత్రులు

అన్నను ఒకసారి అడిగాను: “గడియారం ఎటు జరిగితే నీకేంది, పైన ఉండేది సూర్యుడే కదా?” ఆయన నవ్వి పెద్ద క్లాసే పీకాడు. విన్నాక తెలిసింది, పైలట్ ఒకే టైంలో మూడు గడియారాలతో బతుకుతాడని.

మొదటిది జులూ టైం. అంటే యూటీసీ, గ్రీనిచ్ కాలం. వాతావరణ రిపోర్టులు, ఫ్లైట్ ప్లాన్‌లు, రన్‌వే మూసేస్తున్నామనే నోటీసులు అన్నీ అందులోనే వస్తాయి. ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే. మన దగ్గర శంషాబాద్‌లో దిగే పైలట్ అయిదున్నర గంటలు కలుపుకుంటే చాలు. ఏడాదంతా అదే అంకె. డల్లాస్ పైలట్ మాత్రం ఎండాకాలంలో అయిదు, చలికాలంలో ఆరు గంటలు తీసేయాలి. టెక్సాస్‌లో ఉరుములు, మెరుపుల మేఘం ఒక గంటలో ఎక్కడి నుంచి ఎక్కడికో వస్తుంది. “తుపాను 2300 జులూకు” అని ఉంటే అది సాయంత్రం ఆరా, అయిదా? మార్చిలో, నవంబర్‌లో మొదటి రెండు వారాలు ఆ తీసివేత పాత అలవాటు మీద పోకుండా అన్న చేతి మీద పెన్నుతో రాసుకుంటాడట. అక్కడి ఎయిర్‌పోర్ట్ పుస్తకాల్లో టైముల పక్కన రెండు గీతల బాకు లాంటి గుర్తు వేస్తారు. డేలైట్ సేవింగ్ నడిచేటప్పుడు ఈ టైం ఒక గంట తగ్గించి చదువుకోండి అని దాని అర్థం. చిన్న ఎయిర్‌పోర్టుల్లో కంట్రోల్ టవర్ రాత్రికి మూసేస్తారు కాబట్టి, అది ఉన్నట్టా లేనట్టా అనేది ఆ గుర్తు మీద ఆధారపడుతుంది.

రెండోది ఆఫీసు గడియారం. దాని గురించి మనకు తెలుసు.

మూడోది సూర్యుడు. ఇది అసలు మజా. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ రూల్స్‌లో రాత్రి మూడు రకాలు. సూర్యాస్తమయం కాగానే విమానానికి లైట్లు వేయాలి, అది ఒక రాత్రి. సూర్యుడు క్షితిజం కింద ఆరు డిగ్రీలు దిగాక సంధ్య ముగుస్తుంది, అప్పటినుంచి నడిపిన గంటలు లాగ్‌బుక్‌లో రాత్రి గంటలుగా రాసుకోవచ్చు, అది రెండో రాత్రి. ఇక మూడోది: చీకట్లో మనుషుల్ని ఎక్కించుకోవాలంటే, గడిచిన 90 రోజుల్లో రాత్రిపూట మూడుసార్లు లేచి, మూడుసార్లు పూర్తిగా ఆగేలా దిగి ఉండాలి. ఇక్కడ రాత్రి అంటే సూర్యాస్తమయం అయిన గంట తర్వాత మొదలై, సూర్యోదయానికి గంట ముందు అయిపోతుంది.

ఈ మూడో రాత్రి దగ్గరే గడియారం మార్పు తమాషా చేస్తుంది. జూన్‌లో ఆ రాత్రి మొదలయ్యేది తొమ్మిదీ నలభైకి. ఆఫీసు మనిషి అప్పుడు పోయి మూడుసార్లు దిగి ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. అందుకే ఎండాకాలంలో చాలామంది సరదా పైలట్ల రాత్రి లెక్క గడువు దాటిపోతుంది. నవంబర్‌లో అదే రాత్రి ఆరున్నరకే మొదలు. అంటే సాయంత్రాన్ని ఎత్తుకుపోయిన గడియారమే రాత్రిని తెచ్చి చేతిలో పెడుతుంది. అన్న నవంబర్‌లో చేసే మొదటి పని, ఆఫీసు అయ్యాక పోయి ఆ మూడు ల్యాండింగ్‌లు పూర్తి చేయడం.

మార్చి ఆదివారం మాత్రం విమానం ముట్టుకోడు. ఆ రాత్రి రెండింటి నుంచి మూడు దాకా గంట అసలు ఉండదు. ఒక గంట నిద్ర పోయినట్టే. పైలట్లకు ఎగిరే ముందు తమను తాము చెక్ చేసుకునే లిస్టు ఒకటి నేర్పిస్తారు: జబ్బు, మందులు, టెన్షన్, మద్యం, అలసట, మనసు. అలసట దగ్గర ఆగిపోతాడు. గంట నిద్రకే ఇంతనా అంటే, “బస్సు అయితే పక్కకు ఆపొచ్చు తమ్మీ” అంటాడు.

ఇదే మాయమైన గంట మా ఫీల్డును కూడా వదలదు. రాత్రి రెండున్నరకు నడవాల్సిన ప్రోగ్రామ్ మార్చి ఆదివారం నడవదు, ఎందుకంటే ఆ రెండున్నర రాలేదు. నవంబర్‌లో ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది, కాబట్టి బిల్లులు రెండుసార్లు పోయే ప్రమాదం. అందుకే సర్వర్లలో టైం యూటీసీలో దాచుకుని, మనిషికి చూపించేటప్పుడే ఊరి టైంకు మార్చమని ఫ్రెషర్లకు మొదటి వారంలోనే చెబుతారు. పైలట్లు ఆ పని మనకంటే ముందునుంచీ చేస్తున్నారు.

ఐటీలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. క్యాలెండర్ మీటింగ్ ఎవరి టైం జోన్‌లో పెట్టారో, ఆ ఊరి గడియారానికే అది కట్టుబడి ఉంటుంది. డల్లాస్ మేనేజర్ పెడితే మీ సాయంత్రం జరుగుతుంది. మీరు ఇండియా టైంలో పెడితే ఆయన పొద్దున జరుగుతుంది. ఇన్వైట్ ఎవరు పంపాలనేది చిన్న విషయం అనుకుంటాం, కానీ ఏడాదికి రెండుసార్లు ఎవరి ఇంట్లో భోజనం టైం మారాలో అదే తేల్చేస్తుంది. మా టీమ్‌లో దీనిమీద పెద్ద చర్చే నడిచింది. ఎవరు గెలిచారో జీతం ఎటునుంచి వస్తుందో చూస్తే తెలిసిపోతుంది.

“దిగిన” అనే మెసేజ్

అన్న విమానం నేర్చుకుంటున్న సంగతి మొదట పెద్దమ్మకు చెప్పలేదు. అక్కడ ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు కనీసం 40 గంటలు ఎగరాలి, అందులో పది గంటలు ఒంటరిగా. ఆ ఒంటరి గంటలు అయ్యాక ఫొటో పంపాడు. పెద్దమ్మ రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క షరతు పెట్టింది: ఎక్కే ముందు చెప్పొద్దు, దిగినంక చెప్పు.

అట్లా మొదలైంది ఆ మెసేజ్. ఒకటే పదం, “దిగిన”. ఎండాకాలంలో మామూలు రోజుల్లో అయితే మనకు తెల్లారి అయిదు ముప్పావుకు వస్తుంది. పెద్దమ్మ వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు వేసి లోపలికి వచ్చేసరికి ఫోన్ మోగుతుంది. శనివారాల్లో అన్న పొద్దున్నే పోతాడు, వాళ్ళ టైం తొమ్మిదిన్నరకు దిగుతాడు. అది మనకు రాత్రి ఎనిమిది. పెద్దమ్మ ఆ మెసేజ్ చూశాకే అన్నం తింటుంది. ఎక్కే ముందు చెప్పొద్దని తనే అన్నది గానీ, ఏ రోజు ఎక్కుతాడో ఆమెకు నోటి లెక్క.

2025 నవంబర్ 8, శనివారం. గడియారం మారి అప్పటికి ఆరు రోజులు. ఆ వారంలో మామూలు రోజుల మెసేజ్‌లు ఆగిపోయాయి, చీకటి కాబట్టి అన్న పోలేదు. పెద్దమ్మకు అది కొంచెం సంతోషమే. శనివారం రాత్రి ఎనిమిది అయింది, మెసేజ్ రాలేదు. ఎనిమిదింబావు. ఎనిమిదిన్నరకు నాకు ఫోన్ చేసింది. నేను మీటింగ్ లేని శనివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాను, రెండు గల్లీలు దాటి పోయాను. టీవీ ఆపేసి ఉంది. అన్నం గిన్నె మూత పెట్టినట్టే ఉంది. ఫోన్ చేతిలో పట్టుకుని కూచుంది, కానీ చేయడం లేదు. పైన ఉన్నప్పుడు ఫోన్ చేస్తే వాడి చెయ్యి ఎక్కడ జారుతుందోనని.

“పెద్దమ్మా, వాళ్ళ టైం మారింది. ఇంకా అక్కడ తొమ్మిదిన్నర కూడా కాలేదు” అని నేను లెక్క విప్పి చెప్పాను. వినింది.

“గట్లెట్ల మారుస్తర్రా టైమును? పొద్దు మారిందా?”

“పొద్దు మారలే. గడియారమే మార్చిన్రు.”

“మరి వాడు పొద్దును జూసి ఎగురుతడా, గడియారం జూసి ఎగురుతడా?”

ఈ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు, ఎందుకంటే రెండూ నిజమే. ఇద్దరం కూచున్నాం. తొమ్మిదీ రెండు నిమిషాలకు వచ్చింది, “దిగిన”. పెద్దమ్మ ఏమీ అనలేదు. లేచి నాకూ కంచం పెట్టింది.

తర్వాత నేను చేసిన పని రెండు. ఆమె ఫోన్ స్క్రీన్ మీద డల్లాస్ గడియారం కూడా పెట్టాను. గోడ మీది క్యాలెండర్‌లో వచ్చే మార్చి రెండో ఆదివారం దగ్గర పెన్నుతో సున్నా చుట్టాను. అన్నతో మాట్లాడితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఆదివారం అక్కడ గడియారం తనంతట తానే మారిపోయింది, ఫోన్, మైక్రోవేవ్, కారు అన్నీ సరిచేసుకున్నాయి, మధ్యలో హన్మకొండలో ఒక గడియారం ఉందని గుర్తురాలేదన్నాడు. రాత్రి ల్యాండింగ్‌ల సంగతి పెద్దమ్మకు చెప్పాలా వద్దా అని నన్ను అడిగాడు. చెప్పమన్నాను. చీకట్లో ఒక్క ఇంజిన్‌తో ఎగరడం అంటే ఆమెకు భయమే, నాకూ భయమే. కానీ తెలియని ఎదురుచూపు కంటే తెలిసిన భయం నయమని నా అభిప్రాయం. చెప్పాడు. ఆ మూడు ల్యాండింగ్‌ల రోజు మనకు పొద్దున ఏడుంబావు నుంచి ఎనిమిదింబావు దాకా పెద్దమ్మ పూజ గదిలోంచి బయటికి రాలేదు.

అమెరికాలో ఈ పద్ధతి ఎత్తేయాలనే మాట కొత్తది కాదు. 2022 మార్చిలో సెనేట్ ఏడాదంతా ఎండాకాలపు టైమే ఉంచాలని బిల్లు పాస్ చేసింది, ప్రతినిధుల సభ దాన్ని పట్టించుకోలేదు. 1974 జనవరిలో ఒకసారి నిజంగానే ఏడాదంతా పెట్టి చూశారు. చలికాలంలో పిల్లలు చీకట్లో బడికి పోవాల్సి వస్తోందని గొడవలై, ఆ ఏడాది అక్టోబర్‌కల్లా వెనక్కి తీసుకున్నారు. యూరప్ పార్లమెంటు 2019లో ఎత్తేద్దామని ఓటేసింది, 2021 గడువు దాటినా అమలు కాలేదు. అన్న మాత్రం ఏడాదంతా ఎండాకాలపు టైం ఉండాలంటాడు. సాయంత్రం విమానం నడిపేవాడు అంతకంటే ఏమంటాడు!

రాహుకాలం ఎవరి గడియారంలో?

పెద్దమ్మ ప్రశ్న నన్ను వదల్లేదు. పొద్దును చూసి బతికేవాళ్ళు ఇంకా ఎవరెవరు ఉన్నారా అని చూస్తే, మన ఇంట్లోనే పంచాంగం కనిపించింది. మసీదు గోడ మీద నమాజు వేళల బోర్డు కూడా అంతే, సూర్యుడితోపాటు జరుగుతుంది.

రాహుకాలం తీసుకోండి. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని మనకు కంఠతా వచ్చు. కానీ ఆ అంకెలు పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతుందనే లెక్క మీద వేసినవి. అసలు పద్ధతి వేరు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేయాలి. ఆదివారం ఎనిమిదో భాగం, సోమవారం రెండోది, శనివారం మూడోది.. ఇట్లా. జూన్ చివర్లో డల్లాస్‌లో పొద్దు ఆరూ ఇరవైకి పొడిచి ఎనిమిదీ నలభై దగ్గర కుంకుతుంది. ఒక్కో భాగం దాదాపు గంటా నలభై ఏడు నిమిషాలు. అక్కడ సోమవారం రాహుకాలం ఎనిమిది దాటాక మొదలై పదింటి దగ్గర ముగుస్తుంది. మనం ఇక్కడ కూచుని “ఏడున్నరకు బయల్దేరకు” అని బిడ్డలకు ఫోన్ చేస్తే ఆ జాగ్రత్త తప్పు గంటకు పడుతుంది. అందుకే అక్కడి గుళ్ళలో పంచే క్యాలెండర్లు ఆ ఊరి సూర్యుడికి లెక్క కట్టి, పైన డేలైట్ సేవింగ్ గంట కలిపి అచ్చేస్తారు. నమ్మకం ఉన్నా లేకపోయినా లెక్క మాత్రం లెక్కే.

ఇది పెద్దమ్మకు చెబితే ఎంత సంతోషపడిందో! గడియారం మోసం చేసినా పంచాంగం మోసం చేయలేదన్నది ఆమె తీర్పు.

మామునూరు గురించి కూడా అడుగుతూ ఉంటుంది. నిజాం కాలంలో 1930లో కట్టి, 1981 దాకా నడిచి ఆగిపోయిన ఆ ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చింది. అక్కడ విమానం దిగితే ఆ పైలట్ కూడా జులూ టైమే రాసుకుంటాడని, ఏడాది పొడుగునా అయిదున్నర గంటలే కలుపుతాడని చెప్పాను. “మన పైలట్‌కు గోస లేదన్నట్టు” అన్నది.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న చర్చ వేరే. పెద్దమ్మకు అమెరికా వీసా వచ్చింది. వచ్చే జూన్‌లో పోతుంది. అన్న ఆమెను ఒక్కసారైనా పైకి తీసుకుపోవాలని పట్టుదలగా ఉన్నాడు. సాయంత్రం ఏడింటికి లేద్దాం, ఎనిమిదిలోపు దిగుదాం, చీకటి పడదు, రాత్రి ల్యాండింగ్‌ల గొడవే లేదు అంటాడు. ఆదివారం అయితే ఎయిర్‌పోర్టులో రద్దీ తక్కువట. పెద్దమ్మ అవుననలేదు, కాదనలేదు. మొన్న నన్ను పిలిచి కూచోబెట్టి లెక్క తీయించింది. జూన్ చివరి ఆదివారం డల్లాస్‌లో ఎనిమిదో భాగం ఎప్పుడు? సాయంత్రం ఆరూ యాభై నుంచి ఎనిమిదీ నలభై దాకా అని తేలింది. శనివారం మూడో భాగం పొద్దున పది నుంచి పన్నెండు లోపే అయిపోతుంది.

“శనివారం పెట్టుకొమ్మను” అన్నది పెద్దమ్మ. “ఇంకో మాట. దిగినంక మెసేజ్ నేను పెడ్త. నువ్వు తింటలేవేమో, చూస్కుంట కూసో.”